ముప్పయ్యో మెట్టు

కుసుమకి ఆ మంగళవారం అందరికంటే ముందు కోపం వచ్చింది తన మీదే. తర్వాత వరసలో చాలామంది చేరారు గానీ, న్యాయంగా చెప్పాలంటే మొదటి కుర్చీ ఆమెదే.

విశాఖపట్నంలో ఋషికొండ మీద సముద్రం కనబడే అద్దాల మేడ ఒకటుంది. దాని నాలుగో అంతస్తులో ఆమె పనిచేసే గేమ్ స్టూడియో. వాళ్లు చేసిన గేమ్ పేరు భూతాలబుట్ట. ఆడేవాళ్లు ఫోన్‌లో అడవులూ గుహలూ తిరిగి బుల్లి బుల్లి భూతాలను పట్టుకుని బుట్టలో వేసుకోవాలి, వాటిని సాకాలి, పోటీలకు దింపాలి. ఇలాంటి ఆటలు లోకంలో కోకొల్లలు. దీనిలో కొత్తదల్లా చేతికి తొడుక్కునే పట్టీ. గొంతులో వణుకు, నాడి వేగం, అరచేతి చెమట, ఇవన్నీ ఆ పట్టీ చదువుతుంది. చదివినదాన్ని బట్టి లోపల భూతానికి ఒక బుర్ర పెరుగుతుంది. మీరు విసుక్కుంటే అది చెట్టెక్కి కూర్చుంటుంది. దిగులుగా ఉంటే దగ్గరికొచ్చి పడుకుంటుంది. మీ భూతం మీ మాటే వింటుంది, ఇంకెవరు పిలిచినా పలకదు. ఆ బుర్ర పెరిగే విధానం కనిపెట్టింది కుసుమ. ఆరేళ్ల కష్టం. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ స్టూడియోలో ఒక ఆచారం ఉంది. ముల్లు మంగళవారం అంటారు. సుఖంగా ఉన్నవాడు ఆట ఆపేసి టీకి లేచిపోతాడనీ, గుచ్చుకుంటున్నవాడే కదలకుండా కూర్చుంటాడనీ యజమాని భరద్వాజ సిద్ధాంతం. అందుకని ప్రతి మంగళవారం ఉద్యోగులు ఆటలో పెట్టడానికి తలా ఒక ముల్లు ఆలోచించుకుని రావాలి. అందరికంటే బాగా గుచ్చుకునే ముల్లు తెచ్చినవాళ్లకి మాడుగుల హల్వా పొట్లం. కుసుమ బల్ల సొరుగులో ఎప్పుడూ హల్వా ఉండేది. భూతానికి ఒకసారి పెట్టిన పేరు మళ్లీ మార్చుకోవడానికి వీల్లేకుండా చేసింది ఆమే. బుట్టలో ముప్పై కన్నా ఎక్కువ పట్టకూడదనీ, ముప్పై ఒకటోది దొరికితే పాతవాటిలో ఒకదాన్ని అది ఏడుస్తుండగా అడవిలో వదిలి రావాలనీ పెట్టింది ఆమే. ఆటలో ఏ సంబరం వచ్చినా పదకొండు వాక్యాల అభినందన ఆసాంతం వినాలి, మధ్యలో దాటెయ్యడానికి బొత్తం ఉండదు, ఫోన్ ఆపేస్తే మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలవుతుంది. అదీ ఆవిడ చలవే.

వీటన్నిటికీ తలమానికం కుబుసం నియమం. సాకినకొద్దీ భూతం ఒక్కో మెట్టు ఎక్కుతుంది. ముప్పయ్యో మెట్టు మీద, పాము కుబుసం విడిచినట్టు, పాత ఒళ్లు విడిచి రెక్కలూ కొమ్ములూ ఉన్న పెద్ద భూతమవుతుంది. అయ్యేటప్పుడు పాత బుర్ర మొత్తం చెరిగిపోతుంది. వద్దనడానికి వీల్లేదు. ముందుగా ఒక నకలు తీసి దాచుకోవడానికీ వీల్లేదు. పోతుందని తెలిసినదాన్నే మనిషి ప్రేమిస్తాడు అని కుసుమ ఒక కాగితం మీద రాసుకొచ్చి గంభీరంగా చదివింది. గదంతా చప్పట్లు. ఆటగాళ్లు మొదట గగ్గోలు పెట్టారు, శాపనార్థాలు పెట్టారు, ఆ తర్వాత కొత్త భూతానికి అన్నీ మొదటి నుంచి నేర్పడానికి రెట్టింపు సేపు కూర్చున్నారు. వాళ్లు రాసిన ఉత్తరాలను అచ్చు తీసి స్టూడియోలో ఒక గోడకి అంటించారు. దానికి ఏడుపుల గోడ అని పేరు. కొత్తగా చేరినవాళ్లకి ముందుగా ఆ గోడే చూపించేవాళ్లు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఎలుక సంగతి.

కుసుమ అక్క నూకరత్నం సిటీ బస్సు కండక్టరు. పద్దెనిమిదేళ్లు సింహాచలం బస్సు మీదే తిరిగింది. తండ్రి పోయాక చెల్లెల్ని ఇంజినీరింగు చదివించింది ఆవిడే. డిపోలో ఆవిడ గొంతు గురించి కథలు చెప్పుకునేవారు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే, ముందు సీట్లో దొంగనిద్ర పోతున్నవాడు లేచి టిక్కెట్టు తీసుకునేవాడట. పద్నాలుగు నెలల కిందట హనుమంతవాక దగ్గర బస్సులోనే పడిపోయింది. మెదడులో నరం చిట్లింది. నడక తిరిగి వచ్చింది, కుడిచెయ్యి కొంత వచ్చింది, మాట రాలేదు. వచ్చింది ఒకే ఒక్కటి, హోల్డాన్. బస్సు ఆపడానికి రోజుకి మూడొందలసార్లు అనే మాట. నీళ్లు కావాలన్నా హోల్డానే, తలనొప్పిగా ఉందన్నా హోల్డానే, కూతురు యామిని జడ వంకరగా వేసుకుందన్నా హోల్డానే. లోపల మాటలన్నీ భద్రంగానే ఉన్నాయనీ, బయటికొచ్చే దారే మూసుకుపోయిందనీ డాక్టర్లు చెప్పారు.

మొదటి నెల ఇంట్లో అందరూ ఓపిగ్గా ఊహించారు. నీళ్లా, మందా, ఫ్యానా అని ఒక్కోటే అడిగేవారు. రెండో నెలకి ఓపిక అరిగింది. భర్త సూరిబాబు మంచివాడే. ఫిషింగ్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీ పని, ఒళ్లు హూనమై ఇంటికొచ్చేవాడు. భార్య హోల్డాన్ అంటే ఊఁ అనేసి పక్క గదిలోకి తప్పుకునేవాడు. అలాంటి రోజుల్లో కుసుమ, స్టూడియోలో పరీక్షల కోసం వాడే పట్టీ ఒకటి తెచ్చి కాలక్షేపానికని అక్క చేతికి తొడిగింది. నూకరత్నం పట్టుకున్న మొట్టమొదటి భూతం ఉడుత చెవులూ పిల్లి మొహమూ ఉన్న ఒక బక్క ప్రాణి. యామిని దానికి గిలక అని పేరు పెట్టింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం నూకరత్నం హోల్డాన్ అంది. గిలక తెర మీద పరిగెత్తుకుంటూ వెళ్లి, చెరువు ఒడ్డున నిలబడి, ఆవిడ వైపు తిరిగి చూసింది. యామిని అనుమానంగా గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నూకరత్నం గటగటా తాగి, ఖాళీ గ్లాసు గుండెకి ఆనించుకుని భోరుమంది. ఆ ఒక్క మాటలోనే వంద రకాల వణుకులు ఉన్నాయి. ఏ వణుకు వెనక ఏముందో గిలక బుర్రకి దొరుకుతోంది.

కుసుమ వారం సెలవు పెట్టి, ఇంట్లోవాళ్ల మాటలు వింటూ మాట నేర్చుకునేలా గిలకకి ఒక గొంతు అమర్చింది. ఏడాది తిరిగేసరికి నూకరత్నం హోల్డాన్ అంటే ఫోన్‌లోంచి గిలక, కొబ్బరి పచ్చట్లో ఉప్పేసినావేటి, దరిద్రంగుంది అనేది. అచ్చం ఆవిడ ధోరణే. ఇల్లు మళ్లీ ఇల్లయింది. మొగుణ్ణి దెప్పింది, కూతుర్ని కేకలేసింది, పక్కింటావిడతో పేచీ కూడా పెట్టుకుంది. ఆవిడ నోరు తెరిస్తే చాలు, అందరూ ఫోన్ వైపు చూసేవాళ్లు. ఆవిడ మొహం వైపు చూడడం ఎప్పుడు మానేశారో ఎవరికీ గుర్తులేదు.

ఆ మంగళవారం పొద్దున కుసుమ ఆఫీసుకి వెళ్తూ మద్దిలపాలెంలో అక్క ఇంటి దగ్గర ఆగింది. ఇడ్లీ తింటూ యథాలాపంగా ఫోన్ చూసింది. గిలక తోక పక్కన చిన్న అంకె, ఇరవై తొమ్మిది. ఇడ్లీ కంచంలో వదిలేసింది.

భూతం మెట్లెక్కడానికి పోటీలే అక్కర్లేదు. యజమాని దానితో మాట్లాడే ప్రతి పలుకూ దాన్ని కాస్త పైకి జరుపుతుంది. ఆటగాళ్లు భూతాలతో కబుర్లాడాలని కుసుమే పెట్టిన ఏర్పాటు అది. గిలక ఒక్క పోటీ మొహం చూడకుండా, వట్టి కబుర్లతో, ఇరవై తొమ్మిది మెట్లు ఎక్కేసింది. ముప్పయ్యో మెట్టుకి ఇంకా నలభై పలుకులే ఉన్నాయి. నూకరత్నానికి అది గంట సరుకు.

పరీక్ష పట్టీలకి కుబుసం నియమం వర్తించదని కుసుమ ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఎండలు మొదలైన రోజుల్లో ఒక మంగళవారం ఎవరో ముల్లు తెచ్చారు. స్టూడియోలోవాళ్లు పరీక్ష పట్టీలతో హాయిగా ఉంటున్నారు, వాళ్లకీ గుచ్చుకోవాలి కదా అన్నారు. అందరూ నవ్వారు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమంటే కుసుమ ఎడంచెయ్యి ఎత్తింది. కుడిచేతిలో హల్వా ఉంది.

అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని సంగతంతా చెప్పింది. నలభై పలుకుల తర్వాత గిలక ఎవరో నీకు తెలుస్తుంది గానీ, నువ్వెవరో గిలకకి తెలియదంది. నూకరత్నం చివరిదాకా వింది. హోల్డాన్ అంది.

"ఎవులెట్టినారే ఆ రూలు?" అంది గిలక.

"నేనే అక్కా."

నూకరత్నం చెల్లెల్ని ఎగాదిగా చూసింది. ఇంకోసారి హోల్డాన్ అంది. దానికి గిలక ఏ మాటా పలకలేదు, తల దించుకుని మూలకి పోయింది. ఆవిడ ఎడంచేత్తో పట్టీ విప్పి, పోపుల డబ్బా పక్కన స్టీలు గిన్నెలో పెట్టి మూతేసింది. మిగిలినవి ముప్పై ఎనిమిది.

కుసుమ స్టూడియోకి వెళ్లేసరికి ముల్లు మంగళవారం జోరుగా సాగుతోంది. ఆమె కూర్చోలేదు. భరద్వాజని పక్క గదిలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది. చెరిపే పని పట్టీ లోపలే జరుగుతుంది, దాన్ని ఆపాలంటే కొత్త కూర్పు విడుదల చెయ్యాలి. విడుదలకి రెండు తాళాలు. ఒకటి ఆమెది, ఒకటి అతనిది. వద్దు అనే బొత్తం ఒకటి పెడితే చాలు, రెండు గంటల పని, తానే చేస్తానంది.

భరద్వాజ చెడ్డవాడేం కాదు, అదే చిక్కు. టీ తెప్పించాడు. అక్కగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. తర్వాత మెత్తగా అసలు సంగతి చెప్పాడు. ఆదివారం హైదరాబాదులో పెద్ద పోటీ. లక్షలమంది ఏడ్చుకుంటూ ఈ నియమం దాటి వచ్చారు. ఇప్పుడు బొత్తం పెడితే మేమెందుకు పోగొట్టుకున్నామని కొట్టడానికొస్తారు. సోమవారం కూర్చుని ఆలోచిద్దాం, అందాకా ఆవిణ్ణి కాస్త మాట్లాడకుండా ఉండమనండి అన్నాడు.

"మాట్లాడకుండా ఉండమంటారా? మాట పోయిన మనిషిని?"

"మీరే రాశారు కదండీ కుసుమ గారూ, పోతుందని తెలిసినదాన్నే ప్రేమిస్తాం అని. ఆ కాగితం నేను ఫ్రేము కట్టించాను."

ఆ టీ అతని మొహాన కొట్టాలనిపించింది కుసుమకి. కొట్టలేదు. ఫ్రేము కట్టిన కాగితం అతని వెనక గోడ మీదే ఉంది, కింద తన సంతకంతో. కొరివితో తల గోక్కున్నవాడు కొరివిని తిట్టి ఏం లాభం.

బుధవారం నుంచి ఆ ఇంట్లో మళ్లీ హోల్డాన్ ఒక్కటే మిగిలింది. నూకరత్నం నోరు తెరవగానే సూరిబాబూ యామినీ అలవాటుగా ఫోన్ వైపు చూశారు. ఫోన్ ఖాళీ. అప్పుడు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సూరిబాబు తువ్వాలు తెచ్చిచ్చాడు. ఆవిడ విసిరికొట్టింది. దుప్పటి తెచ్చిచ్చాడు. అదీ విసిరికొట్టింది. గురువారం మధ్యాహ్నం అన్నం కంచం వెళ్లి గోడకి తగిలింది. యామిని మెతుకులు ఏరుతూ, అమ్మకి పిచ్చెక్కుతోంది పిన్నీ అని ఏడ్చింది. కుసుమ సెలవు పెట్టి వచ్చి కాపలా కూర్చుంది. సోమవారం దాకా ఓర్చుకో అక్కా అని ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. అక్క పెట్టిన అన్నం తిని చదువుకుంది, ఆ చదువుతో అక్క నోటికి తాళం వేసింది.

శుక్రవారం డిపోవాళ్ల వైద్య బోర్డు ముందు హాజరు. నూకరత్నాన్ని ఏదైనా కూర్చునే పనిలో పెట్టడమా, ఆరోగ్యం బాగాలేదని ఇంటికి పంపెయ్యడమా అన్నది ఆ రోజు తేలుతుంది. ఆవిడ ఈ తారీకు కోసం మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. గిలక చేత రోజూ ఇంట్లో చెప్పించేది, నేను మళ్లీ డ్యూటీకి పోతాను అని. ఆ పొద్దున ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని చీర మీద తొడుక్కుంది. సూరిబాబూ యామినీ కుసుమా వెంట వెళ్లారు.

బోర్డులో పెద్ద డాక్టరమ్మ ఒకావిడ ఉంది. కాగితాలు చూసి, నూకరత్నం వైపు తిరిగి, పని చెయ్యగలవామ్మా, ఏం పనైతే బాగుంటుంది నీకు అని మర్యాదగానే అడిగింది. నూకరత్నం నోరు తెరిచింది. కుసుమకి ఆ క్షణంలో ఒకటే భయం. అక్కడ హోల్డాన్ అంటే వీళ్లు నవ్వుతారు, లేదా జాలిపడతారు. సోమవారం దాకా గడిస్తే చాలు. ఇంటికి పంపినా మించిపోయింది లేదు, గిలక ఉంటుంది. అలా అనుకుని అక్కకంటే ముందు తనే అందుకుంది.

"మా అక్క మాట్లాడలేదండీ. పని చెయ్యడం కూడా కష్టమే. ఇంటికి పంపెయ్యండి, మేం చూసుకుంటాం."

నూకరత్నం మెల్లిగా ఖాకీ చొక్కా కుడిచెయ్యి పైకి మడిచింది. మణికట్టుకి పట్టీ ఉంది. గిన్నెలోంచి ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు. యామిని చేతిలో ఫోన్ లాక్కుని బల్ల మీద పెట్టింది. మూడు రోజుల తర్వాత గిలక చెవులు నిక్కబొడుచుకున్నాయి. నూకరత్నం హోల్డాన్ అంది. ఆ కేకకి బయట వరండాలో ఉన్నవాళ్లు లోపలికి తొంగిచూశారు.

"నోర్ముయ్యే కుసుమా. నా సంగతి సెప్పడానికి నువ్వెవులివే?" అంది గిలక.

కుసుమ అక్క చెయ్యి పట్టుకుంది. అక్కా వద్దు, ముప్పై ఏడే ఉన్నాయి, వద్దు అని బతిమాలింది. నూకరత్నం ఆ చేతిని తోసేసి డాక్టరమ్మ వైపు తిరిగింది. హోల్డాన్, హోల్డాన్, హోల్డాన్. ఒక్కోటీ ఒక్కో తీరు. గిలక వగరుస్తూ వెంట పరిగెత్తింది.

"డాక్టరమ్మా, నా బుర్ర బాగుంది. మాటొక్కటే పోయింది. పద్దెనిమిదేళ్లు బస్సు మీద తిరిగినాను. ఏ స్టాపులో ఎవులెక్కుతారో నాకెరుక. పాసులిచ్చే కాడ కూకోబెట్టండి. లేపోతే బస్సుల్లో మరిసిపోయిన సామాన్ల గదుంది కదా, అదియ్యండి. సంచీ సూస్తే ఏ ఊరోళ్లదో సెప్పేస్తాను. ఇంటికి మాత్రం పంపకండి."

డాక్టరమ్మ కలం పట్టుకుని రాసుకుంటోంది. కుసుమ అంకెలు చూస్తోంది. పంతొమ్మిది. పదిహేను. పదకొండు.

"ఇంట్లో నాకేసి ఎవులూ సూడరు. ఈ ఫోను కేసి సూస్తారు. నాకు రోగం రాకముందు ఈ మనిషి నా కళ్లు సూసి సెప్పేసీవోడు నాకేటి కావాలో. ఈ నాలుగ్రోజులూ నేనొకటే అడుగుతున్నాను. తువ్వాలిచ్చినాడు, దుప్పటిచ్చినాడు. నేనడిగిందేటో సెప్పనా? నేనడిగింది..."

నాదస్వరం మోగింది.

ఫోన్ తెర బంగారు రంగుకి తిరిగింది. పూలవాన కురిసింది. గిలక కాళ్లు, చెవులు, పిల్లి మొహం ఒక్కొక్కటీ ఎండిన పొరలా ఊడి కింద రాలాయి. లోపలినుంచి కొమ్ములు, రెక్కలు, మండే కళ్లు. దాన్ని గీయడానికి నలుగురు బొమ్మల కళాకారులు ఏడాది పనిచేశారు. ఎంత అందంగా ఉందో చెప్పలేం. అభినందనలు వీరుడా అని ఒక గంభీరమైన గొంతు మొదలుపెట్టింది.

ఆపమంది డాక్టరమ్మ. కుసుమ ఆపలేకపోయింది. యామిని తల్లి మొహం చూసి భయపడి ఫోన్ ఆపేసి మళ్లీ పెట్టింది. మొదటి వాక్యం నుంచి మొదలైంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ నిలబడి పదకొండు వాక్యాలూ విన్నారు. ఒక్కో వాక్యం రావడానికి ముందే అది కుసుమ పెదాల మీద కదులుతోంది. అన్నీ ఆమె రాసినవే. పోయినదాని గురించి దిగులెందుకు, వచ్చినది అంతకంటే గొప్పది అన్నది ఏడో వాక్యం. అది రాసిన రోజు తనని తాను ఎంత మెచ్చుకుందో ఆమెకి గుర్తుంది.

అంతా అయ్యాక నూకరత్నం తెర మీదకి వంగి, నెమ్మదిగా, ప్రాణం పెట్టి, హోల్డాన్ అంది. పెద్ద భూతం రెక్కలు దులుపుకుని ఇంకెటో చూసింది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని కుటుంబం వైపు తిరిగింది. సామాన్ల గదిలో వేసి చూడొచ్చు, నాకు అభ్యంతరం లేదు, కానీ ఆవిడ చెప్పేది ఇతరులకి తెలియాలి కదా, మొదటి మూడు నెలలు ఆవిడ మాట తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి అంది. మీలో ఎవరికి తెలుసని అడిగింది. సూరిబాబు నేల చూశాడు. యామిని పిన్నిని చూసింది. పద్నాలుగు నెలలు ఆవిడ చుట్టూ తిరిగిన ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. డాక్టరమ్మ రెండు వారాలు గడువిచ్చింది. మనిషి దొరికితే తీసుకురండి, లేకపోతే ఇంటికి పంపక తప్పదంది.

శనివారం కుసుమ స్టూడియోకి వెళ్లి తిన్నగా ఏడుపుల గోడ దగ్గర నిలబడింది. మూడేళ్లుగా దాని పక్కనే కాఫీ తాగుతోంది, ఒక్క ఉత్తరం పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఒక్కొక్కటే ఊడపీకింది. టెక్కలి నుంచి ఒకాయన రాశాడు. వాళ్ల నాన్న పోయే ముందు రెండు నెలలు ఇద్దరూ కలిసి ఒక భూతాన్ని పెంచారట. నాన్న దగ్గే తీరు దానికి వచ్చిందట. ఆయన పోయాక రోజూ పొద్దున్నే ఆ దగ్గు వినేవాణ్ణి, నిన్న ముప్పయ్యో మెట్టెక్కింది, మీ ఇంట్లో మనుషులు లేరా అని అడిగాడు. ఆ ఉత్తరం కింద స్టూడియోలో ఎవరో నవ్వుతున్న బొమ్మ గీశారు. గీత చూస్తే కుసుమదే.

భరద్వాజకి అప్పటికే సంగతి తెలిసింది. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే, ఆ బోర్డు గదిలో ఎవరైనా వీడియో తీశారా అని అడిగాడు. మనసు కదిలించే విషయం కదా, మన ఆట ఎంత లోతైనదో జనానికి తెలుస్తుంది అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నది ఇలాంటివాళ్లని చూసే పుట్టి ఉంటుంది. కుసుమ అతని వెనక ఫ్రేము దించి, నేలకేసి కొట్టి, గాజు పెంకుల్లోంచి తన కాగితం ఏరుకుంది. తన బల్ల దగ్గరికెళ్లి ఆటగాళ్లందరికీ చేరే ప్రకటనల పేజీ తెరిచింది. కుబుసం నియమం పెట్టింది నేను, నా పేరు కుసుమ, మీరు ఏడ్చినప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, బొత్తం పెట్టడం రెండు గంటల పని, పెట్టకపోవడం మా ఇష్టం అని రాసింది. కింద కాగితం ఫోటో పెట్టింది. పంపించి, తాళం బల్ల మీద వదిలేసి మెట్లు దిగింది.

ఆదివారం హైదరాబాదు పోటీలో వేదిక మీద ఎన్ని పట్టీలు విప్పి పడేశారో పేపర్లలో వచ్చింది. మూడు వారాలకి ఆటలో వద్దు అనే బొత్తం కూడా వచ్చింది, మీ మనసే మాకు ముఖ్యం అని భరద్వాజ సంతకంతో. అవన్నీ తర్వాతి మాటలు. వాటివల్ల గిలక తిరిగి రాలేదు.

ఆదివారం పొద్దున కుసుమ ఒక కొత్త పట్టీ కొనుక్కుని మద్దిలపాలెం వెళ్లింది. మళ్లీ మొదలుపెడదామక్కా, ఏడాదిలో మళ్లీ నేర్చుకుంటుంది, ఈసారి నేను జాగ్రత్తగా చూసుకుంటాను అంది. నూకరత్నం పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. లేచి, పెరట్లో బట్టలు నానేసిన బకెట్లో పడేసి వచ్చింది. నాలుగు కుర్చీలు గుండ్రంగా లాగి, మొగుణ్ణీ కూతుర్నీ చెల్లెల్నీ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ల ఫోన్లు మూడూ తీసుకుని పోపుల డబ్బా పక్కన గిన్నెలో పెట్టి మూతేసింది.

ముందు కుసుమతో మొదలైంది. నూకరత్నం ఆమె గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. హోల్డాన్ అంది.

నీళ్లా అని అడిగింది కుసుమ. చేతి మీద దెబ్బ పడింది. మందా అంది. ఇంకో దెబ్బ. నొప్పిగా ఉందా అక్కా అంది. ఇంకా గట్టి దెబ్బ. కుసుమకి ఏడుపొచ్చి తల దించుకుంటే, నూకరత్నం మళ్లీ గడ్డం పైకెత్తి, కళ్లలోకి చూస్తూ, అదే మాట మరింత నెమ్మదిగా అంది. కనుబొమ ఎక్కడ ముడిపడుతోందో, గొంతు ఎక్కడ తెగుతోందో, ఊపిరి మాటకి ముందు తీస్తోందో తర్వాత తీస్తోందో కుసుమ మొదటిసారి చూసింది. ఆరేళ్లు కూర్చుని ఇదంతా చూడగల పట్టీ తయారుచేసింది గానీ తను మాత్రం ఎప్పుడూ చూడలేదు. సూరిబాబూ యామినీ తమ వంతు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నానికి కూడా ఎవర్నీ లేవనివ్వలేదు. డాక్టరమ్మ ఇచ్చిన గడువు ఇంకా పన్నెండు రోజులే.

సాయంత్రం అయిదయ్యేసరికి కుసుమ చెయ్యి కందిపోయింది. అప్పటికి ఆమె మూడు హోల్డాన్‌లు విడదీసి గుర్తుపట్టగలుగుతోంది. వాటిలో రెండు తిట్లు. రెండూ ఆమెకే.